లోపల మనిషి ఉన్నాడు

అర్థం ఒక్క ముక్కలో రాసేయొచ్చు. బెమాన్ట్ అంటే లోపల మనిషి ఉన్నది. వాడుక అంటారా, ఓడలకి వాడతారు, విమానాలకి వాడతారు, అంతరిక్షంలోకి పంపే వాటికి వాడతారు, మన పేపర్లవాళ్లు మానవసహిత అని రాసి చదివేవాడి నోరు తిరక్కుండా చేస్తారే, అక్కడ జర్మన్లు ఈ చిన్న మాటతో సరిపెట్టుకుంటారు. ఇళ్లకి వాడరు. గదులకి వాడరు, గదులకి వేరే మాట ఉంది. మనిషి ఎక్కి నడిపే వాటికి వాడతారు, ఎక్కినవాడు దిగిపోతే ఆ మాట కూడా దిగిపోవాలి. ఇంతే, ఐదు నిమిషాల పని. రెండుంపావుకి నన్ను ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అట్ట, ఒక తెల్లకాగితం చేతికిచ్చి, దీపం మీదున్న ఆ పదానికి అర్థం, వాడుక రాసి సంతకం పెట్టండి, మూడింటికి లోపలికి పిలుస్తారు అని చెప్పి మేనేజరు గిరీష్ వెళ్లిపోయాడు. నలభై ఏళ్లు మాటలు అమ్ముకుని బతికినవాణ్ని. రష్యన్ ఒకటి, జర్మన్ ఒకటి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. కాగితం మీద పైన పేరు రాశాను, శ్యామసుందర్, వయసు అరవయ్యారు, చిరునామా మరోదా. అక్కడే ఆగిపోయింది పెన్ను. నాకు భయంగా ఉంది.

లూసీ నాకు ఒక కుర్చీ అవతల కూర్చుంది. మధ్యలో కుర్చీ ఖాళీ. ఖాళీ కుర్చీని చూడడం నలభై రోజులుగా నాకు చేతకావడం లేదు, తలుపు వైపు చూద్దామనుకుంటాను, నేల వైపు చూద్దామనుకుంటాను, చూపు దానంతటదే అటు పోతుంది, అక్కడ ఎవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుంటే తప్ప ఊపిరాడదు. లూసీ భర్త యేసుదాసు ఈ ఫౌండ్రీ షెడ్డులోనే నలభై రోజుల కిందట పట్టాల మధ్య చనిపోయాడు. అతని మీదికి వచ్చిన గాడీని నడపవలసినవాడు సుభాష్, లూసీ సొంత తమ్ముడు. లోపల బల్ల చుట్టూ కూర్చున్న విచారణ పెద్దలకి కంపెనీ చెప్పింది ఏమిటంటే, గాడీ మీద దీపం వెలుగుతోంది, దీపం వెలిగిందంటే సీట్లో మనిషి ఉన్నట్టు, ఆ సీట్లో ఉండవలసింది సుభాష్, కాబట్టి సుభాషే చూసుకోకుండా తోలి సొంత బావని చంపుకున్నాడు. సుభాష్ నేను సీట్లో లేను మొర్రో అంటున్నాడు. సీట్లో గోనె సంచి ఉందంటున్నాడు. షెడ్డులో నలభై మంది ఉన్నారు, అందరూ కాంట్రాక్టువాళ్లు, రేపు పొద్దున్న గేటు దగ్గర పాసు ఆపేస్తే ఎటు పోవాలో తెలియనివాళ్లు, ఒక్కడు కూడా సంచి చూశాననలేదు. సంచి కూడా ఇప్పుడు లేదు. వాడి మాటకి సాక్షి లేడు. నేనున్నాను. నేను అర్థం రాసి ఊరుకుంటే, అక్షరం తప్పులేని ఆ అర్థమే వాణ్ని జైల్లో పెడుతుంది.

గాడీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, పట్టాల మీద తనంతట తను నడిచే బల్లబండి, కొలిమి దగ్గర కరిగిన ఇనుము పోసిన కుండని ఎత్తుకుని అచ్చుల దగ్గరికి తెస్తుంది, మళ్లీ ఖాళీ కుండతో వెనక్కి పోతుంది, ఒక చివర మనిషి కూర్చునే అద్దాల గది. జర్మనీలో ఎక్కడో మూతపడ్డ ఫౌండ్రీలో విప్పి పెట్టెల్లో పెట్టి పంపారు, నట్టు నట్టుకీ చీటీ కట్టి మరీ. ఇక్కడి స్టీలు ప్లాంటులో ముప్పై ఆరేళ్లు సోవియట్ కాగితాల్ని ఇంగ్లీషులోకి దించి రిటైరై, మరోదాలో కొత్తిమీర మడి తడుపుకుంటున్న నన్ను ఈ గాడీ కోసమే పిలిచారు. మూడు నెలలన్నారు, రెండేళ్లయింది. ఆ అద్దాల గది నెత్తిన అరచేతి వెడల్పున ఆకుపచ్చ దీపం, దాని మీద నల్లటి అక్షరాలు, BEMANNT. సీటు కింద ఒక స్ప్రింగు మీట, మనిషి కూర్చుంటే బరువుకి మీట దిగుతుంది, దీపం వెలుగుతుంది, దీపం వెలగకపోతే గాడీ కదలదు. ఎంత మర్యాదైన ఏర్పాటు అనుకున్నాను. దాని కింద నా చేత్తో చీటీ రాసి అంటించాను, హిందీలో అందర్ ఆద్మీ హై, తెలుగులో లోపల మనిషి ఉన్నాడు. నిచ్చెన పట్టుకున్నది యేసుదాసే. ఆ ఇంగ్లీసు ఏటండీ మాస్టారూ అన్నాడు. ఇంగ్లీషు కాదోయ్ అని మొదలెట్టి, దించిన తల ఎత్తకుండా అరగంట చెప్పాను, మాట ఎక్కడ పుట్టింది, ముందున్న ముక్కేమిటి, వెనకున్న ముక్కేమిటి. నాకున్న జబ్బే అది, ఎవడైనా ఏమిటంటే చాలు. అతను ఓపిగ్గా విని అన్నాడు,

"అయితే అది ఎలిగిందంటే, లోపలోడు మనల్ని సూస్తన్నట్టే కదండీ?"

"చూస్తున్నట్టేనోయ్" అన్నాను.

ఆ మాటలో చూపు లేదు. ఉనికి ఉంది అంతే. ముప్పై ఆరేళ్లలో ఒక్క కామా తప్పు పోనివ్వనివాణ్ని, నిచ్చెన మీంచి దిగుతూ, చూస్తున్నట్టే అన్నాను. అతను ఆ మాట నమ్మాడు. నమ్మి ఊరుకున్నాడా, షెడ్డంతా పాకించాడు. షేర్ ఆటోలో చోటు లేకపోతే బెమాన్ట్ హై భయ్యా అని చెయ్యి ఊపేవారు. క్యాంటీన్లో బల్ల మీద రుమాలు పరిచి బెమాన్ట్ అనేవారు. గదులకి ఆ మాట వాడరయ్యా, వాహనాలకే అని నేను కోప్పడితే ఇంకా ఎక్కువ చేసేవారు. యేసుదాసుకి ఇంకో అలవాటు, పట్టాల మీద పని పడితే ముందు దీపం చూస్తాడు, తర్వాత అద్దాల గది వైపు చెయ్యెత్తుతాడు, లోపల సుభాష్ కూడా చెయ్యెత్తుతాడు, అప్పుడు వంగుతాడు. బావా బావమరిది ఆ చెయ్యెత్తడంలోనే ఇంటి కబుర్లన్నీ చెప్పుకునేవారనిపించేది. సుభాష్‌ని లూసీయే పెంచింది, తల్లి పోయాక పలాస నుంచి ఒళ్లో కూర్చోబెట్టుకుని రైల్లో తెచ్చుకుంది, చదివించింది, మొగుడి చేత చెప్పించి ఇక్కడ పెట్టించింది. సమాధుల తోట గేటు దగ్గర వాడు నిలబడితే నా గుమ్మం తొక్కకు అందట. వాడు ఇప్పుడు కోహ్కాలో ఎవరో స్నేహితుడి గదిలో ఉంటున్నాడు, అన్నం తినడం లేదని క్యాంటీన్లో చెప్పుకుంటున్నారు.

సంచి ఎప్పుడొచ్చిందో నాకు తెలుసు. వానలు మొదలయ్యాక మనుషులు తగ్గారు, గాడీలో కూర్చున్నవాణ్ని దింపి కుండ దగ్గర గొలుసు పట్టమనేవారు, కొలిమి దగ్గర మీట నొక్కితే గాడీ తనంతట తను వస్తుంది పోతుంది, అడ్డల్లా ఆ సీటు కింద స్ప్రింగే. ఎవడికి తట్టిందో, గోనెలో ఇసక, ఇనప తుక్కు కుట్టి సీట్లో పెట్టారు. దీపం వెలిగింది. జర్మన్ వాడు మనిషిని అడిగాడు, మనవాళ్లు మనిషంత బరువిచ్చారు. సంచికి చినబాబు అని పేరు పెట్టారు. చినబాబు సెలవడగడు, చినబాబు బీడీకి పోడు అని ఆటపట్టించేవారు. కింద పడిపోకుండా నడుముకి తాడు కట్టారు, చిరిగిన ఖాకీ చొక్కా తొడిగారు, పసుపు హెల్మెట్ పెట్టారు. విశ్వకర్మ పూజనాడు యంత్రాలన్నిటికీ బొట్టు పెడుతూ దానికీ బొట్టు పెట్టి, ఒళ్లో అరటిపండు పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. గిరీష్ ఉన్నాడు. అందరం నవ్వాం. నాకు నవ్వు రావడం కాదు, నా మాటతో ఇంత ఆట ఆడుతున్నారని ముచ్చటేసింది, ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు.

యేసుదాసు ఆ రోజు లేడు. లూసీకి కళ్ల ఆపరేషనని నెల రోజులు సెలవు పెట్టాడు, అతను వెళ్లాకే సంచి వచ్చింది. తిరిగొచ్చిన రెండో రోజే అది జరిగింది. చినబాబు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, అప్పటికి అది అందరికీ పాతబడిపోయింది, బల్ల ఉంది కుర్చీ ఉంది అని ఎవరు చెప్తారు. సుభాష్ కూడా చెప్పలేదు. ముందు రోజు రాత్రి అన్నం దగ్గర అక్క కళ్ల గురించే మాట్లాడుకున్నారట.

ఇంట్లో అహల్యకి కొంత చెప్పాను. పొద్దున్న ఇడ్లీ పెడుతూ, అడిగినంతే రాయండి, అడగనిది మీకెందుకండీ, పదానికి అర్థమన్నారు, అర్థం రాసి వచ్చేయండి అంది. నా భార్య చెడ్డదేమీ కాదు, వీధికుక్కకి కూడా విడిగా గిన్నె పెడుతుంది. మీరేటి తోలారా, మీరేటి నొక్కారా అంది. నిజమే. నేనేం తోలలేదు. బస్సెక్కాను. రుఆబాంధా స్టాపు దగ్గర డ్రైవరు ఇంజను ఆపకుండా దిగి టీకి పోయాడు, బండి వణుకుతోంది, ముందు సీటు ఖాళీ, జనం ఫోన్లు చూసుకుంటున్నారు, నాకు చెమటలు పట్టేసి దిగిపోయాను, మిగతా దారి ఆటోలో వచ్చాను. ఆటోవాడి వీపు ఎదురుగా ఉంటే ధైర్యంగా ఉంది. ఇంట్లో కూడా అంతే, అహల్య గుడికెళ్తే వాలుకుర్చీ మీద ఆరేసిన తువ్వాలు కూర్చున్నట్టుంటుంది, వెళ్లి తీసేస్తాను, తీసేశాక ఖాళీ కుర్చీ మరీ భయపెడుతుంది, మళ్లీ వేస్తాను. మొన్న సాయంత్రం గుమ్మంలో చెప్పుల జత చూసి ఎవరొచ్చారని అడిగాను. మీవే అంది. దయ్యాలంటే నమ్మకం లేనివాణ్ని, యేసుదాసు నాకు కనపడడు, ఒక్కసారి కనపడితే బాగుండుననుకుంటాను. కనపడేది ఆ సంచే. ఎవరూ లేనిచోట కూర్చుని ఉంటుంది.

దానికి కళ్లు పెట్టింది నేను. ఇంక దాచుకోలేను కాబట్టి నాకు నేనైనా చెప్పుకోవాలి. పూజనాడు అరటిపండు పెట్టాక అందరూ నవ్వుతున్నారు, నేను జేబులోంచి నా పాత కళ్లజోడు తీశాను, ఒక పుల్ల వదులైంది, బాగుచేయించాలని తెచ్చుకున్నది, అద్దాల గదిలోకి వంగి హెల్మెట్ కింద, గోనె ముఖానికి పెట్టి దారంతో కట్టాను. ఇదిగో, ఇప్పుడు అచ్చం సుభాషే అన్నాను. సుభాష్‌కి కళ్లజోడుంది, నల్ల ఫ్రేము, నాదీ నల్లదే. చప్పట్లు కొట్టారు. పదహారు రోజులు ఆ కళ్లజోడు అక్కడే ఉంది, తీసుకుందామని రోజూ అనుకున్నాను, రేపు తీసుకుందాంలే అనుకున్నాను. పదహారో రోజు పొద్దున్న పదిన్నరకి సుభాష్‌ని దింపి గొలుసు దగ్గరికి పంపారు, సీట్లో సంచి పెట్టి గాడీని కొలిమి దగ్గరి మీటకి వదిలారు. యేసుదాసు చక్రం దగ్గర నట్టు బిగించడానికి పట్టాల్లోకి దిగాడు. పైన క్రేన్లో ఉన్నవాడు చూశాడు, ఆ రోజు టీకొట్టు దగ్గర ఏడుస్తూ చెప్పి, మర్నాటి నుంచి ఏమీ చూడలేదంటున్నాడు. యేసుదాసు దీపం చూశాడట. అద్దాల గది వైపు చెయ్యెత్తాడట. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉంచాడట, అవతల చెయ్యి లేస్తుందేమోనని. పై రేకుల సందులోంచి ఎండ పడి లోపల కళ్లజోడు మెరిసిందట. అప్పుడు నవ్వి వంగాడట.

వారం తర్వాత గిరీష్ నా గదికొచ్చి ఒక కవరు బల్ల మీద పెట్టాడు. మీ వస్తువు మీ దగ్గరుండాలి కదా సార్ అన్నాడు. వెళ్లిపోయాడు. కవర్లో కళ్లజోడు, తుడిచి ఉంది, దారం కూడా విప్పేసి ఉంది, వదులైన పుల్ల బిగించి కూడా ఉంది. అంతకంటే అననక్కర్లేదు. సంచి గురించి నేను నోరు విప్పితే సంచికి ముఖం ఎవరు పెట్టారన్న ప్రశ్న వస్తుంది, నా మర్యాదంతా, మాస్టారూ మాస్టారూ అని ఈ షెడ్డులో దొరికిన గౌరవమంతా, పోతుంది. కేసు కూడా రావచ్చు. అరవయ్యారేళ్లవాణ్ని జైల్లో పెట్టరులే అనుకుంటాను, ఇరవై నాలుగేళ్లవాణ్ని పెడతారు. పెడతారని తెలిసీ నలభై రోజులు ఊరుకున్నాను. మొదటి రోజు చెప్పాల్సింది, ఆ రోజు అందరూ ఏడుస్తున్నారు, రెండో రోజు పోలీసులున్నారు, మూడో రోజు సమాధి, నాలుగో రోజు నుంచి, మూడు రోజులెందుకు ఊరుకున్నావంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. పిరికితనం ఒక్కరోజుదైతే బతికేవాణ్ని.

కాగితం మీద రాశాను. బెమాన్ట్: లోపల మనిషి ఉన్నది. మనిషి ఎక్కి నడిపే వాహనాలకి వాడతారు. చదువుకున్నాను. నా జన్మలో ఇంత సరిగ్గా ఏదీ అనువదించలేదు, ఇంత అబద్ధమూ ఏదీ రాయలేదు. గోడ గడియారం రెండూ యాభై. సంతకం పెట్టడమే తరువాయి. మూత తీసిన పెన్ను అలాగే పట్టుకుని ఉన్నాను.

"ఏటి రాస్తన్నారు మాస్టారూ?"

లూసీ అడిగింది. నలభై రోజుల్లో నాతో మాట్లాడడం ఇదే మొదలు. దీపం మీది మాటకి అర్థం రాయమన్నారమ్మా అన్నాను. ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు అంది. యేసుదాసు స్నానాల గదిలో ఉండగా తలుపు కొడితే లోపల్నించి బెమాన్ట్ అని అరిచేవాడట. నవ్వొచ్చి చచ్చేవాళ్లమంది. ఇప్పుడు ఆ తలుపు మూసి ఉంటే తోసి చూడకుండా ఉండలేకపోతోందట. చెప్తూ చెప్తూ ఆగి, కొంగు సరిచేసుకుని, నా ముఖంలోకి చూసింది. ఆపరేషనయ్యాక పెట్టిన నల్లద్దాలు తీసేసింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మావోడు సీట్లో ఉన్నాడా? మీరు సదువుకున్నోరు, మీకు అబద్దం ఆడాల్సిన పని నేదు. ఉన్నాడో నేడో సెప్పండి. ఉన్నాడంటే ఆణ్ని ఇంక నా తమ్ముడనుకోను, అంతే."

ఖాళీ కుర్చీ మా ఇద్దరి మధ్యనే ఉంది. లేచి అందులో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు, కూర్చుంటేగాని మాట రాలేదు.

"లేడమ్మా. సీట్లో ఎవరూ లేరు. సంచి ఉంది. ఇసక సంచి. దానికి చొక్కా, హెల్మెట్ తొడిగారు. కళ్లజోడు నేను పెట్టాను."

ఆమెకి వెంటనే అందలేదు. అందేదాకా నేను ఆగలేదు, ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు, పూజ సంగతి, అరటిపండు సంగతి, సుభాష్ అని నేను అన్న మాట, నిచ్చెన దగ్గర యేసుదాసు అడిగింది, నేను చెప్పింది, క్రేన్లోవాడు చూసింది, అన్నీ కిందా మీదా చెప్పేశాను. ఆమె ఏడవలేదు. నా మీద చెయ్యెత్తుతుందేమో అనుకున్నాను, ఎత్తితే బాగుండుననుకున్నాను.

"ఆయన ఆ కళ్లజోడుకి సెయ్యెత్తాడా?" అంది.

"అవునమ్మా."

"మీకు మొదట్నించీ తెలుసు."

"తెలుసు."

తల ఊపింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి, కారిడారు చివర కిటికీ దాకా నడిచింది, నాకు వీపు చూపిస్తూ నిలబడి ఫోను తీసింది. పేరు వెతకలేదు, అంకెలు ఒక్కొక్కటీ నొక్కింది, జాబితాలోంచి తీసేసి ఉంటుంది, కాని నంబరు మరిచిపోలేదు. చాలాసేపు మోగినట్టుంది. తర్వాత ఆమె గొంతు, నేనెప్పుడూ వినని గొంతు, పసివాణ్ని నిద్రలేపేటప్పుడు ఉండేది.

"ఒరే సుబ్బూ. నానేరా. అన్నం తిన్నావా?"

అవతల ఏమన్నాడో వినపడలేదు. ఆమె భుజాలు మాత్రం కదలడం మొదలెట్టాయి. ఇంటికి రారా, మీ అప్పని ఒక్కర్తినే ఉన్నాను రారా అంటోంది, అదే మాట మళ్లీ మళ్లీ, వాడు వస్తాననేదాకా. ఈలోగా తలుపు తెరిచి ప్యూను నా పేరు పిలిచాడు. సంతకం లేని కాగితం పట్టుకుని లేచాను. ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, తల తిప్పి నన్ను చూసింది.

"ఎల్లుండి చర్చిలో కూడిక పెట్టుకున్నాం మాస్టారూ, ఆయన గురించి మీ సేత నాలుగు మాటలు సెప్పిద్దామనుకున్నాను" అంది. "మీరు రాకండి. ఆ మాటలు లోపల సెప్పండి."

అలాగేనమ్మా అన్నాను. లోపలికి వెళ్లాను.